బరంపురంలో ఆరు వేల లోపు ఇల్లు, కుక్కా పిల్లీ మనతోనే: నాకు తెలిసిన దారి

మీ ప్రశ్న చదివాను అమ్మా. పలాసలో ఉంటున్న మీకు ఒడిశాలోని బరంపురం ట్రాన్స్‌ఫర్ అయింది, వచ్చే నెల మొదటి వారంలో చేరాలి. మీరూ, అమ్మగారూ, నాలుగేళ్ళ నాటు కుక్క ఒకటి, పిల్లి ఒకటి. అద్దె ఆరు వేలు దాటకూడదు. రెండు ఆదివారాలు తిరిగి తొమ్మిది ఇళ్ళు చూశారు, కుక్క అనగానే తొమ్మిది చోట్లా మాట ఆగిపోయింది. ఇప్పుడు మీరు అడుగుతున్నవి రెండు. ముందు చెప్పకుండా దిగిపోయి నెల తర్వాత కుక్కని తెచ్చుకుంటే ఏమవుతుంది? లేదా బంధువులు అంటున్నట్టు ఏ గుడి దగ్గరో వదిలెయ్యాలా?

రెండూ వద్దు. నేను 1999లో టెక్కలి నుంచి ఈ బరంపురం వచ్చాను. ఏడు అద్దె ఇళ్ళు మారాను, దాదాపు అన్నీ కుక్కతోనే. తర్వాత ఊరి అంచున లంజిపల్లి అవతల చిన్న ఇల్లు కట్టుకుని, పక్కనే వేసిన రెండు పోర్షన్లు అద్దెకి ఇస్తున్నాను. అంటే గేటు బయట నిలబడి బతిమాలిన అనుభవమూ ఉంది, గేటు లోపల నిలబడి "ఆలోచించి చెప్తాలెండి" అన్న అనుభవమూ ఉంది.

ముందు దాచిపెట్టే సంగతి. నా రెండో ఇల్లు బడ బజార్ వెనక సందులో ఉండేది. ముందు భాగంలో ఓనర్లు, ఒడియా వాళ్ళు. వెనక రెండు గదుల్లో నేను. ఒక నల్ల కుక్కపిల్లని సంచిలో పెట్టి రాత్రి పూట తెచ్చాను. పన్నెండు రోజులు ఎవరికీ తెలియలేదు. పదమూడో రోజు మార్గశిర గురువారం అయింది. ఒడియా ఇళ్ళల్లో ఆ నెలలో గురువారాలంటే మనకి శ్రావణ శుక్రవారాల లాంటివి, మాణబసా గురుబారొ అంటారు. తెల్లారకముందే ఇల్లు కడిగి, నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో గుమ్మం నుంచి పూజ గది దాకా లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. నేను పాలకని తలుపు తీసిన క్షణంలో మావాడు బయటికి జారాడు. నేను వెనక్కి వచ్చేసరికి ఆ తడి ముగ్గు మీద, ప్రతి లక్ష్మి పాదం పక్కనా ఒక చిన్న కుక్క పాదం. పూజ గది గడప దాకా వరసగా ఉన్నాయి. చివర కూర్చుని పిండి నాకుతున్నాడు.

ముసలావిడ అరవలేదు. "ఉందని చెప్పి ఉండొచ్చు కదా బాబూ" అంది అంతే. కొడుకు మాత్రం పదిహేను రోజులు గడువిచ్చి, అడ్వాన్సులో ఒక నెల పట్టుకుని ఖాళీ చేయించాడు. నేను గొడవ పెట్టుకోలేకపోయాను, ఎందుకంటే అగ్రిమెంటులో "జంతువులు ఉండవు" అన్న లైను కింద సంతకం నాదే. దాచితే వచ్చే నష్టం అదే. కుక్క వల్ల ఏ ఇబ్బందీ రాకపోయినా మాట తప్పిన మనిషిగా మీరు బయటికి వెళ్తారు, పైగా తర్వాతి ఓనర్‌కి ఫోన్ చేసి మంచి మాట చెప్పేవాళ్ళు మిగలరు.

గుడి దగ్గర వదిలెయ్యడం గురించి రెండే మాటలు. వీధికుక్క జాతి కదా, ఎక్కడైనా బతికేస్తుందనుకుంటారు. ప్రతి వీధికీ ఒక కుక్కల గుంపు ఉంటుంది, కొత్తదాన్ని రానివ్వవు. ఇంట్లో నాలుగేళ్ళు పెరిగిన కుక్క మొదటి రాత్రే కరిపించుకుని, తిండి వెతుక్కోవడం రాక, వాహనాల కింద పడుతుంది. చట్ట ప్రకారం కూడా, ఆకలికి దాహానికి గురయ్యేలా జంతువుని వదిలెయ్యడం 1960 జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ళ కిందటి యాభై, ఇప్పటికీ అదే యాభై. జరిమానాకి భయపడి ఆగేవాళ్ళు ఎవరూ ఉండరు, మీరు ఆగేది వేరే కారణానికని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది.

ఇక అసలు విషయం. "కుక్క ఉంటే ఇవ్వం" అన్న ఓనర్ మనసులో కుక్క ఉండదు, ఏదో ఒక భయం ఉంటుంది. అదేంటో మీరు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. తొమ్మిది చోట్లా జరిగింది అదే. పోర్షన్లు ఇచ్చేవాడిగా నా భయాలు చెప్తాను. ఒకటి, మేడ మీద పిట్టగోడ మూలల్లో మూత్రం వాసన. ఎండాకాలం మధ్యాహ్నం అది కిందికి దిగుతుంది, సున్నం వేసినా పోదు. రెండు, మీరు ఆఫీసుకి వెళ్ళాక తలుపు గీరుతూ ఏడ్చే ఏడుపు. చెక్క తలుపు అడుగు భాగం ఆరు నెలల్లో పొట్టు లేచిపోతుంది. మూడు, ఆడకుక్క ఎదకి వచ్చినప్పుడు గేటు ముందు చేరే మగకుక్కల సభ. నాలుగు, గోడ పగుళ్ళలో చేరే పిడుదులు. మీరు ఖాళీ చేసి వెళ్ళిన రెండు నెలలకి కూడా అవి గోడలోనే ఉంటాయి. ఐదోది ఎవరూ పైకి చెప్పరు: కరిస్తే ఎవరు బాధ్యులు, పక్కింటి పిల్లాడిని కరిస్తే నా పరువేంటి అని.

ఒడియా ఓనర్లయితే ఇంకో రెండు ఉంటాయి. కార్తీక మాసం. ఆ నెలంతా చాలా ఇళ్ళల్లో నీచు ముట్టరు. చివరి ఐదు రోజులు పంచుకొ, ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని వాళ్ళ సామెత. అలాంటి రోజుల్లో మీరు పిల్లికోసం ఎండుచేపలు ఉడకబెడితే ఆ వాసనే మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయిస్తుంది. ఆ నెల కుక్కకి పెరుగన్నం, కూరగాయలు కలిపిన అన్నం, పిల్లికి వాసన రాని పొడి మేత పెడతామని ముందే చెప్పండి. గుడ్డు సంగతి మాత్రం వాళ్ళనే అడగండి, ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. ఈ మాట మీ నోటి నుంచి వస్తే చాలు, సగం తలుపు తెరుచుకుంటుంది. రెండోది పేరు. నా నల్లవాడికి కాళియా అని పేరు పెట్టాను, నల్లగా ఉన్నాడు కదా అని. మూడో ఇంటి ఓనరమ్మ అది విని మొహం ముడుచుకుంది. కాళియా అంటే వీళ్ళకి జగన్నాథుడు, ప్రేమగా పిలుచుకునే పేరు. ఆ సాయంత్రమే వాడు "బొగ్గు" అయ్యాడు, పద్నాలుగేళ్ళు బొగ్గుగానే బతికాడు. మీ కుక్క పేరు రాయలేదు మీరు, ఒకసారి చూసుకోండి.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు గదులు చూసేముందే చెప్పండి, "మాకో కుక్కుంది" అని. ఒడియాలో కావాలంటే, "ఆమొరొ గోటె కుకురొ ఒఛి, టికా దియా హొయిఛి." మాకో కుక్క ఉంది, టీకా వేయించాం అని. ఆయన వద్దంటే బయటికి వచ్చెయ్యకుండా ఒక ప్రశ్న అడగండి: "ఇంతకుముందు ఎవరైనా కుక్కతో ఉండి ఇబ్బంది పెట్టారా అండీ?" పదిలో ఆరుగురు కథ మొదలుపెడతారు. ఆ కథలో ఉన్న భయానికే మీరు సమాధానం చెప్పాలి. కథ చెప్పనివాళ్ళ దగ్గర టైమ్ వేస్ట్, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ఎక్కడ వెతకాలి? మీరు గాంధీనగర్, హిల్‌పట్నా వైపే చూసినట్టున్నారు, స్టేషనుకి దగ్గరని. అక్కడ ఆరు వేలకి దొరికేది ఓనర్ కింద, మీరు పైన ఉండే పోర్షన్. కుక్కకి అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు అది: మెట్లు ఒకటే, గేటు ఒకటే, మేడ ఒకటే. పాత ఊళ్ళో బడ బజార్ సందులు అద్దె తక్కువే కానీ గోడకి గోడ కలిసిన పొడుగు ఇళ్ళు, ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లో లేస్తారు. పైగా రెండేళ్ళకోసారి ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాత్ర వస్తే దాదాపు నెల రోజులు రాత్రుళ్ళు డప్పులు. బొగ్గు ఆ రోజుల్లో మంచం కింద నుంచి వచ్చేవాడు కాదు.

మీకు పనికొచ్చేది ఊరి అంచు: అంబపువా, లంజిపల్లి అవతల, హల్దియాపదర్ వైపు కొత్తగా పడుతున్న లేఅవుట్లు, గోళంతరా దారి. అక్కడ చుట్టూ ఖాళీ స్థలాలు, విడి ఇళ్ళు ఉంటాయి. ముఖ్యంగా వెతకాల్సింది ఊళ్ళో లేని ఓనర్ ఇల్లు. పిల్లల దగ్గరికి భువనేశ్వర్‌కో వైజాగ్‌కో వెళ్ళిపోయి, ఇల్లు తాళం పడి పాడవుతోందని బాధపడేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి కుక్క భారం కాదు, కాపలా. నా నాలుగో ఇల్లు అలాగే దొరికింది, మిగతా వాళ్ళకంటే ఐదు వందలు తక్కువకి. బ్రోకర్లు ఇలాంటివి చూపించరు, కమీషన్ తక్కువ. ఆ వీధిలో ఉన్న కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, పాలాయన, వీళ్ళని అడగండి. "ఘొరొ భొడా" బోర్డు వేళ్ళాడదీసిన ఇంటికంటే బోర్డు లేని ఇంట్లోనే మీకు అవకాశం ఎక్కువ. తెలుగు ఓనర్లే కావాలని పట్టుపట్టకండి. మనవాళ్ళకి మడీ అంటూ పట్టింపు ఇంకో పిసరు ఎక్కువే.

అద్దె తక్కువ అని రేకుల ఇల్లు మాత్రం తీసుకోకండి. నా ఐదో ఇల్లు ఆస్బెస్టాస్ రేకులది. మే నెలలో మధ్యాహ్నం గదిలో గాలి పొయ్యి దగ్గర ఉన్నట్టే ఉండేది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి ఎగశ్వాస తీయడమే దానికున్న దారి. గాలే వేడిగా ఉంటే అది పనిచెయ్యదు, వడదెబ్బకి గంటల్లో పోతుంది. ఆ పైన తుఫాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నా రేకులు మూడు లేచిపోయాయి. నేనూ బొగ్గూ తెల్లారే దాకా ఎదురింటి స్లాబు మెట్ల కింద కూర్చున్నాం, వాడు నా చొక్కాలో మూతి దూర్చి వణుకుతూ. తిత్లీ చూసిన పలాస మనిషికి ఇంకా చెప్పక్కర్లేదు. గది ఒకటి తగ్గినా పర్లేదు, స్లాబు ఇల్లు చూడండి.

ఇల్లు నచ్చి, ఓనర్ కొంచెం మెత్తబడ్డాక ఏం చెయ్యాలో చెప్తాను. ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి. అందులో కుక్క టీకాల కార్డు, ముఖ్యంగా ఈ ఏడాది రేబిస్ టీకా వేసిన తేదీ కనపడేలా. పిల్లికి కూడా రేబిస్ టీకా వేయించండి, చాలామంది మర్చిపోతారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కాగితం. ఇప్పటి పలాస ఓనర్ రాసిన నాలుగు లైన్ల ఉత్తరం, కింద ఫోన్ నంబరు: ఇన్నేళ్ళు ఉన్నారు, కుక్క వల్ల ఇబ్బంది లేదు, అద్దె టైముకి ఇచ్చారు అని. మా పోర్షన్‌లో ఇప్పుడున్న టీచరమ్మ ఇలాంటి ఫైలుతోనే వచ్చింది. నేను ఉత్తరం కూడా పూర్తిగా చదవలేదు, ఇంత శ్రద్ధ ఉన్న మనిషి గేటు గడియ కూడా వేస్తుంది అనుకున్నాను. (అదే వారం ఇంకొకాయన వచ్చి "కుక్క లేదండీ, రామచిలక ఒక్కటే" అన్నారు. ఆయనకే ఇవ్వలేదు. మన చిలకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ సంగతి ఆయనకి తెలియదు పాపం.)

డబ్బు విషయంలో, అద్దె పెంచుతామని అనకండి. నెల నెలా పెంచిన ఐదు వందలు తిరిగి రావు. దాని బదులు "జంతువుల కోసం విడిగా ఒక నెల అడ్వాన్సు ఇస్తాం, వెళ్ళేటప్పుడు తలుపులూ గోడలూ చూసుకుని తిరిగి ఇవ్వండి" అనండి. ఓనర్ భయానికి ఇది సూటిగా తగులుతుంది, మీ డబ్బు మీకు వస్తుంది. కేంద్రం 2021లో చేసిన మాదిరి అద్దె చట్టంలో నివాసాలకి రెండు నెలలకి మించి అడ్వాన్సు వద్దని ఉంది కానీ, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది నడుస్తుంది. దాన్ని పట్టుకుని గేటు దగ్గర వాదించకండి.

పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు మామూలుగా, ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. స్టాంపు పేపరు మీద టైపు చేయించే ముందు ఈ లైన్లు కలిపించండి: "అద్దెదారుతో ఒక కుక్క, ఒక పిల్లి ఉంటాయని ఓనరుకి తెలుసు, సమ్మతించారు. వాటి వల్ల జరిగిన నష్టానికి మరమ్మతు ఖర్చు అద్దెదారుది. కుక్కని మేడ మీదికి తీసుకెళ్ళరు. ఖాళీ చేసేటప్పుడు పిడుదుల మందు కొట్టించి ఇస్తారు." ఆ చివరి లైను మా టీచరమ్మ తనే రాయించింది. చేరే ముందు రోజే ఖాళీ ఇంట్లో తలుపులు, గోడల మూలలు, కిటికీ జాలీలు ఫోన్లో ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. పాత గీతలు ఎవరివో తర్వాత తగువు ఉండదు.

ఆపరేషన్ గురించి విడిగా చెప్పాలి. మీది ఆడకుక్క అయితే, ఇంకా చేయించకపోతే, ఇల్లు వెతకడం ఆపి ముందు అది చేయించండి. ఎద ఉండదు, గేటు ముందు సభ ఉండదు, పిల్లలు ఉండవు. మగదైతే మూల మూలకీ కాలెత్తడం చాలావరకు తగ్గుతుంది. మగ పిల్లికి మరీ అవసరం, గోడల మీద అది చిమ్మే వాసన ఏ ఓనరూ క్షమించడు. ప్రభుత్వ పశువైద్యశాలలో ముందు అడగండి, ప్రైవేటులో అయ్యే దానికంటే బాగా తక్కువలో అవుతుంది. కుట్లు మానడానికి పది, పన్నెండు రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారమే వెళ్ళండి.

అమ్మగారు ఇంట్లో ఉంటారు కనక మీకు ఏడుపు గొడవ తక్కువ. అయినా కొత్త ఇంట్లో మొదటి వారం తెల్లవారుజామున ఒక అరగంట గట్టిగా నడిపించండి. అలసిన కుక్క పదకొండు దాకా పడుకుంటుంది.

చట్టం మీ వైపు ఎంత ఉందో కూడా తెలుసుకోండి. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది: అపార్ట్‌మెంట్ సంఘాలు మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు, లిఫ్టు వాడనివ్వకుండా ఆపకూడదు. ఇది అపార్ట్‌మెంటులో దిగాక పనికొస్తుంది. కానీ తన ఇల్లు ఎవరికి ఇవ్వాలో ఓనర్ ఇష్టం, కుక్క ఉన్నవాళ్ళకి ఇచ్చి తీరాలని ఏ రూలూ లేదు. అందుకే ఇల్లు అడిగేటప్పుడు చట్టం మాట ఎత్తకండి, నాకు ఎవరైనా అలా మొదలుపెడితే నేనే గేటు వేసేస్తాను.

ఇంత చేసినా నెలాఖరుకి దొరక్కపోతే ఇచ్ఛాపురం ఉంది. సరిహద్దుకి ఆంధ్రా వైపు, బరంపురానికి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఇక్కడ పనిచేసేవాళ్ళు అక్కడి నుంచి రోజూ వచ్చిపోతుంటారు. నెలవారీ రైలు పాసు ఖర్చు పెద్దగా ఉండదు, పెరడు ఉన్న ఇళ్ళు దొరుకుతాయి, అమ్మగారికి భాష ఇబ్బంది ఉండదు. అద్దెలో మిగిలేది పాసుకీ ఆటోకీ పోయినా మీ ఆరు వేల లోపే ఉండొచ్చు. లోటు ఏంటంటే రైలు లేటయిన రోజు మీ టెన్షన్. అది మీ మేనేజర్‌ని బట్టి ఉంటుంది.

అదీ కుదరకపోతే, రెండు నెలల గడువు పెట్టుకుని కుక్కని పలాసలో దానికి తెలిసిన మనిషి దగ్గరే ఉంచండి, మేత ఖర్చు ముందే ఇచ్చి. ఊరికే పెట్టుకోమంటే మొహమాటానికి ఒప్పుకుని మూడో వారం విసుక్కుంటారు. తేదీ చెప్పండి, ఆ తేదీకి వెళ్ళి తెచ్చుకోండి. సామాన్లు తెచ్చే రోజు రైలు వద్దు, ఫస్ట్ క్లాసు కాకపోతే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు డబ్బాలో పెట్టాలి, కుక్క హడలిపోతుంది. సామాన్ల వ్యానులోనే ముందు సీట్లో అమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి, బయలుదేరే ముందు తిండి పెట్టకుండా.

పిల్లి సంగతి మీరు ఒక్క లైనులో వదిలేశారు కానీ ఇల్లు మారినప్పుడు తప్పిపోయేది అదే. కుక్క మనిషిని పట్టుకుని ఉంటుంది, పిల్లి ఇంటిని పట్టుకుని ఉంటుంది. మూత ఉన్న బుట్టలో తెచ్చి, ఒకే గదిలో, పాత దుప్పటి ఉతక్కుండా వేసి, మూడు వారాలు బయటికి వదలకండి. ఓనర్ గృహప్రవేశానికని నల్ల ఫినాయిల్ పోసి కడిగించి ఉంటే మీరు మళ్ళీ మామూలు నీళ్ళతో రెండుసార్లు కడగండి, అది అంటిన కాళ్ళు నాకితే పిల్లికి విషం. సామాన్లు దించేటప్పుడు ఆ గది తలుపుకి బయట గడియ పెట్టి, "పిల్లి ఉంది, తీయొద్దు" అని కాగితం అంటించండి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. కూలీలు ఎవరొస్తారో తెలియదు.